షామ్‌బర్గ్‌లో స్వీడన్ కీర్తనలు

ముందుగా కొత్తవాళ్ళకి

డీజే పని నుంచి రిటైరయ్యానంటే మా ఆవిడే నమ్మలేదు. "రిటైరవడానికి అదేమన్నా ఉద్యోగమా?" అంది. వారమంతా ఇంకెవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేవాణ్ణి, అది నిజమే. అది పొట్టకూటికి. శని ఆదివారాలు మాత్రం షికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, ఒకసారి ఒక కుక్క పుట్టినరోజు కూడా నా చేతిమీదుగానే జరిగాయి. నా స్పీకర్లు ఆన్ చేస్తే పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ఆవులు బకెట్ ఎక్కువ పాలిచ్చేవని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది నేనే అనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు నా కుడి చెవిలో పగలూ రాత్రీ సన్నగా ఒక ఈల మోగుతూ ఉంటుంది. డాక్టరు దాన్ని జబ్బు అన్నాడు. నేను పెన్షన్ అంటున్నాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్ళందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ మిక్సర్ కొనాలి అంకుల్ అని. ఏదో ఒకటి కొనుక్కోండి. అన్నిటికీ బటన్లే ఉంటాయి, అన్నీ పెళ్ళి మధ్యలోనే చస్తాయి. ఫోటోగ్రాఫర్‌తో జాగ్రత్త. వాడికీ మనకీ ఉన్న వైరం ముందు పాముదీ ముంగిసదీ మేనరికం. పాటల లిస్టు పంపే ఆంటీలని అస్సలు నమ్మకండి. వాళ్ళు పంపేది వాళ్ళకి ఇష్టమైన పాటలు కాదు, ఆడపడుచు ముందు ఇష్టమున్నట్టు కనిపించాల్సిన పాటలు.

ఇవన్నీ మీరే నేర్చుకుంటారు. నేను రాయదలుచుకున్నది వేరు. అసలు ఈ వృత్తిలో పాటలు వేయడం సగం పనే. మిగతా సగం నోరు మూసుకోవడం. ఆ రెండో సగం నాకు ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క కుటుంబం నేర్పింది. నేర్పిందనుకుంటున్నాను. ఆ రోజు అసలు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

భాస్కరన్న శాస్త్రం

నా గురువు భాస్కరన్న. వరంగల్ మనిషి. మన ఫంక్షన్లకి మొదటి సౌండ్ సిస్టమ్ కొన్నవాడు. ఆ స్పీకర్లు ఒక్కొక్కటీ మా అపార్ట్‌మెంట్ కంటే పెద్దవి, అద్దెకిచ్చుంటే ఇద్దరు స్టూడెంట్లు హాయిగా ఉండేవాళ్ళు. నేను ఆయన దగ్గర వైర్లు చుట్టడంతో మొదలుపెట్టాను.

ఒకసారి ఒక షష్టిపూర్తిలో పెళ్ళికొడుకు గారి బావమరిది ముందు వరసలో కూర్చున్నాడు. ఆ మొహం చూస్తే పాలు విరిగిపోతాయి. నేను భయపడి పాట మార్చబోయాను. భాస్కరన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం జూస్తున్నవ్‌రా?"

"ఆయన మొహం అన్నా. నచ్చలేదు ఆయనకి."

"మొఖం జూస్తవేందిరా పిచ్చోడా? మొఖం అబద్ధమాడ్తది. చిన్నప్పటి సంది దానికి అదే ట్రెయినింగ్. కాళ్ళు జూడు."

బల్ల కింద చూశాను. ఆ బావమరిది గారి కుడికాలి చెప్పు, తోకమీద లేచిన చేపలాగా ఎగిరెగిరి పడుతోంది. భాస్కరన్న అదే రకం పాట ఇంకోటి వేశాడు. పావుగంటలో ఆ పెద్దమనిషి బల్లెక్కాడు. దించడానికి హోటల్‌వాళ్ళు నిచ్చెన తెచ్చారు.

మొహం చూడకు, కాళ్ళు చూడు. ఈ వృత్తికి వేదం అంతే. మిగతాదంతా కరెంటు వైర్లు.

దాక్కోవడానికి చోటు లేని ఆల్బం

మనవాళ్ళ పిల్లలు అమెరికన్లని చేసుకోవడం మొదలుపెట్టాక నా సామానులోకి కొత్తగా ఒక ఆల్బం వచ్చి చేరింది. స్వీడన్‌కి చెందిన ఒక పాప్ బృందం. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. పేరు నేను చెప్పనక్కర్లేదు, మీ డెంటిస్టు వెయిటింగ్ రూములో ఇప్పుడు కూడా మోగుతూ ఉంటుంది. వాళ్ళ హిట్లన్నీ ఏరి ఒకచోట పెట్టిన సంకలనం అది. అది లేకుండా అమెరికన్ పెళ్ళి చేయడమంటే ఉప్పు లేకుండా ఆవకాయ పెట్టడమే. మొదటి పాటకి పిన్నమ్మలు లేస్తారు. రెండో పాటకి తాతలు. మూడో పాటకి కేటరింగ్ కుర్రాళ్ళు ట్రేలు దించేస్తారు.

సంకలనం సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది తరవాత పనికొస్తుంది. మామూలు ఆల్బంలో నాలుగు మంచి పాటలుంటే ఆరు అనామకంగా ఉంటాయి. ఎవరూ గుర్తుపట్టకుండా వేయాలంటే ఆ ఆరింట్లోంచి తీసుకోవచ్చు. సంకలనంలో ఆ వీల్లేదు. అన్నీ పేరుమోసినవే. ఊళ్ళో ఉన్న ఎమ్మెల్యేలందర్నీ ఒకే ఆటోలో ఎక్కించినట్టు ఉంటుంది. చాటుగా ఎక్కడికీ వెళ్ళలేరు.

మిషన్ పెట్టెలో వచ్చింది

ప్రభుదాస్ గారు షికాగో శివారు షామ్‌బర్గ్‌లో మా వీధికి రెండు వీధుల అవతల ఉంటారు. అక్కడి తెలుగు చర్చిలో సంఘ పెద్ద. ఆయన కూతురు షారోన్‌కి కెవిన్ అనే అబ్బాయితో పెళ్ళి కుదిరింది. పొద్దున చర్చిలో పెళ్ళి, మధ్యాహ్నం హాల్లో రిసెప్షన్. నన్ను ఇంటికి పిలిచారు.

"వందనాలండీ సుబ్బు గారూ, కూర్చోండి. ముందే చెప్తున్నాను. సినిమా పాటలు వద్దు. డాన్స్ వద్దు. మైకులో జోకులు వద్దు."

"అయితే నేను కూడా వద్దా అండీ?"

"లేదు లేదు, మీరు ఉండాలి. డీజే లేకపోతే కెవిన్ వాళ్ళ సైడ్ వాళ్ళు ఫీలవుతారట."

ఆయన నవ్వలేదు. ఆ మొహం మీద చివరిసారి నవ్వు ఎప్పుడు పుట్టిందో పురావస్తు శాఖవాళ్ళు తవ్వితే తప్ప తెలియదు. లేచి వెళ్ళి, బీరువాలో బైబిలుకీ కీర్తనల పుస్తకానికీ మధ్యనుంచి చిన్న గుడ్డసంచీ తీశారు. అందులోంచి, పసిపిల్లని తీసినట్టు, ఒక కాసెట్ తీశారు.

"ఇవి మాత్రం వెయ్యండి. స్వీడన్ లూథరన్ కీర్తనలు. మా నాన్నగారు పాస్టరు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో వినపడేవి ఇవే. ఇంకో పాటకి గుమ్మం దాటే ధైర్యం ఉండేది కాదు."

కాసెట్ మీద బొమ్మ చూశాను. తెల్లటి మెరుపు బట్టల్లో నలుగురు. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, ఒకాయనకి గడ్డం. అదే ఆల్బం! పిన్నమ్మల్నీ తాతల్నీ ట్రేల కుర్రాళ్ళనీ లేపే ఆల్బం!

నేను ప్రభుదాస్ గారి మొహం చూశాను. జోకు కాదు. పరీక్షా కాదు. ఆయన కాసెట్‌ని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

"ఇవి... కీర్తనలాండీ?"

"ఇంగ్లీషులో పాడతారు లెండి. మాకు మాటలు అంత అర్థమయ్యేవి కావు. కానీ భక్తి తెలిసిపోతుంది కదా."

ఇదెలా జరిగిందో ఆయనే చెప్పారు. రేపల్లె వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో వాళ్ళమ్మగారు సుగుణమ్మ గారు నర్సు. ఏటా క్రిస్మస్ ముందు విదేశాల నుంచి మిషన్ పెట్టెలు వచ్చేవి. పాలపొడి, దుప్పట్లు, వాడేసిన క్రిస్మస్ కార్డులు. మిషన్ పెట్టెలో వచ్చిన ప్రతిదీ ఆ ఊళ్ళో పవిత్రమే. ఒకసారి పొరపాటున వచ్చిన టెన్నిస్ బంతిని కూడా ఎవరో బైబిలు పక్కన పెట్టుకున్నారట. ఆ పెట్టెల్లోంచే ఈ కాసెట్ దిగింది. పంపింది స్వీడన్ వాళ్ళు. స్వీడన్ వాళ్ళు లూథరన్లు. లూథరన్లు పాడితే కీర్తనలు కాక మరేమిటి? పైగా తెల్లబట్టలు, గడ్డం. పాస్టరు యెషయా గారు బొమ్మ చూసి, "మంచి క్వయర్," అన్నారట. అంతే. టేపు రికార్డరు మాత్రం ఆయన ముట్టుకునేవారు కాదు. యంత్రాలు లోకసంబంధమైనవని ఆయన నమ్మకం.

"ఫోన్లో వేస్తాను, క్లియర్‌గా ఉంటుంది," అన్నాను, తప్పించుకోవడానికి.

"వద్దండీ. ఈ కాసెట్టే. ఈ వరసే. మా ఇంట్లో అది ఇలాగే మోగింది."

నేను కారెక్కి, స్టార్ట్ చేయకుండా అలాగే కూర్చున్నాను. బుర్రలో ఏదో బెల్టు తెగినట్టుంది. ఇంతలో కిటికీ మీద టక్‌టక్. షారోన్.

"సుబ్బూ అంకుల్! డాడ్ మీకు టేప్ ఇచ్చాడా?"

"ఇచ్చారమ్మా. కీర్తనలు."

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. "ఓ గాడ్. అంకుల్, ప్లీజ్, డాడ్‌కి చెప్పొద్దు. ఆయనకి నిజంగా తెలీదు. మిడిల్ స్కూల్లో నేను ఫ్రెండ్స్ ముందు ఇవి చర్చ్ సాంగ్స్ అని చెప్పాను. దే లాఫ్డ్ ఫర్ ఎ ఇయర్. కానీ ఇంట్లో చెప్పలేదు. తాత మెమరీ అది. డాడ్‌కి తెలిస్తే హార్ట్ బ్రేక్ అవుతుంది."

"మరి నన్నేం చేయమంటావు?"

"కెవిన్ వాళ్ళలో ఫాదర్-డాటర్ డాన్స్ ఉంటుంది కదా. డాడ్ లైఫ్‌లో డాన్స్ చెయ్యలేదు. సంఘం వాళ్ళందరి ముందు అస్సలు చెయ్యడు. కానీ ఈ పాటలకి... ఇవి దేవుడి పాటలు అనుకుంటాడు కదా, చెయ్యి పట్టుకుని లాగితే జస్ట్ రెండు స్టెప్స్ నడుస్తాడేమో. రెండు స్టెప్స్ చాలు అంకుల్. ఒక్కసారి నాన్నతో డాన్స్ చేశానని నాకు ఉండాలి."

డాడ్, డాడ్ అంటున్న పిల్ల చివరికొచ్చేసరికి నాన్న అంది. నేను చచ్చినట్టు ఒప్పుకున్నాను.

కానీ పని ఏమిటో ఒకసారి చూడండి. ప్రపంచంలో అందరికీ తెలిసిన పాటలని, కెవిన్ తరఫు అమెరికన్లందరూ వింటూ ఉండగా, ఒక్కరు కూడా గుర్తుపట్టకుండా వెయ్యాలి. ఏనుగుని తీసుకెళ్ళి, పిల్లి అనుకునేలా నడిపించాలి. దాక్కోవడానికి ఆ ఆల్బంలో ఒక్క పాట కూడా లేదు.

రెండు రహస్యాలు, ఒక నోరు

రిసెప్షన్ రోజు హాల్లో వైర్లు పరుస్తుంటే ప్రభుదాస్ గారు నన్ను కోట్లు తగిలించే గదిలోకి లాగారు. తలుపు వేశారు. బొగ్గులాంటి సూట్‌లో, దొంగసొమ్ము పంచుకునేవాడిలా చుట్టూ చూశారు.

"సుబ్బు గారూ, మీకో మాట చెప్పాలి. అవి కీర్తనలు కావు."

నేను దగ్గరలో ఉన్న కోటు పట్టుకుని నిలబడ్డాను.

"ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలోనే తెలిసిందండీ. గ్రోసరీ స్టోర్లో గడ్డకట్టిన బఠాణీల దగ్గర ఉన్నాను. పైనుంచి మొదటి వైపు మూడో కీర్తన వినిపించింది. అలవాటు కదా, తలవంచుకుని నిలబడ్డాను. ఆహా, ఎంత దైవభక్తి గల దేశం అనుకున్నాను. తలెత్తి చూస్తే చేపలు కోసేవాడు చీపురు పట్టుకుని డాన్స్ చేస్తున్నాడు!"

"మరి ఆ రోజు మీ ఇంట్లో నాకు కీర్తనలని..."

"ఇంట్లో అమ్మ ఉందిగా! పక్కగదిలోనే. ఆవిడకి ఇవి దేవుడి పాటలే. నాన్నగారు పోయాక రెండో వైపు ఆఖరి కీర్తన పెట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు వెళ్ళి, అమ్మా, నువ్వు ఏడ్చింది డిస్కోకి అని చెప్పనా? ఎనభై దాటిన మనిషికి?"

"చెప్పకూడదండీ."

"షారోన్‌కి కూడా తెలియదు. తెలిస్తే తాతని చూసి నవ్వుతుంది. అమెరికాలో పుట్టిన పిల్లలు కదా, నవ్వడం తేలిక వాళ్ళకి. అందుకని ఈ అమెరికన్లు గోల చెయ్యకుండా చూడండి. మీరే దిక్కు."

కూతురు తండ్రి కోసం దాస్తోంది. తండ్రి తల్లి కోసం, కూతురి కోసం దాస్తున్నాడు. ఇద్దరూ తెచ్చి నా నోట్లోనే పెట్టారు. ఒకరిది ఇంకొకరికి చెప్పేస్తే క్షణంలో తేలిపోతుంది. కానీ చెప్పాల్సింది నేనా? ఆడపిల్ల తనంతట తాను దాచుకున్న రహస్యం అది. ఆయనకి ఆ కాసెట్‌లో తండ్రి ఉన్నాడు. నేను వైర్లు చుట్టేవాణ్ణి. ఈ విషయంలో నాకు ఇప్పటికీ సందేహం లేదు. మనకి చెప్పిన రహస్యం పాట కాదు, అడిగారని తీసి వేసేయడానికి.

గ్రాండ్మా నాన్సీ

హాల్లో ఎడమవైపు సంఘం వాళ్ళు, తెల్లచీరలు, టైలు, చేతులు కట్టుకుని. కుడివైపు కెవిన్ వాళ్ళు, పువ్వుల గౌన్లు, చేతులూపుకుంటూ. ముందు వరసలో, పట్టుచీర కింద తెల్లటి కాన్వాస్ బూట్లతో, వాకర్ పక్కన పెట్టుకుని సుగుణమ్మ గారు.

నా ధైర్యం ఒక్కటే. ఆ కాసెట్ తెగి అతికీ, అతికి తెగీ, పాటకంటే గరగర ఎక్కువ. మిరపకాయ బజ్జీలు వేగుతుంటే పక్కింట్లో ఎవరో పాడినట్టుంటుంది. సౌండ్ చీమ గొంతుకి తగ్గించాను. బిర్యానీ వడ్డన మొదలయ్యాక, చెంచాల చప్పుడులో కలిసిపోయేలా ప్లే నొక్కాను.

రెండు స్వరాలు. ఒట్టు, రెండే. కెవిన్ వాళ్ళ అమ్మమ్మ, అందరూ గ్రాండ్మా నాన్సీ అంటారు, సరిగా వినపడకపోయినా చెవి మిషన్ పెట్టుకోని మనిషి, ప్లేటు వదిలేసి, పిడుగుపడ్డట్టు ఒక కేక పెట్టింది. ఆ కేకకి కుడివైపు మొత్తం లేచింది. నేనింకా అర్థం చేసుకునే లోపే సగం మంది మధ్యలోకి దూకి, చేతులు గాలిలో పెట్టి, టేపు కంటే గట్టిగా, టేపు కంటే శుద్ధంగా పాడుతున్నారు. ఎడమవైపు సంఘం వాళ్ళు చెంచాలు గాల్లోనే ఆపేశారు. ఒకాయన, "కీర్తనలకి వీళ్ళు ఇలా ఊగుతారా!" అని పక్కాయన్ని అడగడం నాకు స్పష్టంగా వినబడింది.

షారోన్ పరుగెత్తుకొచ్చి నా కుడి చెవిలో, "ఆపండి అంకుల్! డాడ్ చూస్తున్నాడు!" అంది. అదే క్షణంలో ప్రభుదాస్ గారు వచ్చి ఎడమ చెవిలో, "ఆపండి సుబ్బు గారూ, అమ్మ చూస్తోంది!" అన్నారు. నా తలకాయ అడ్డం ఉండబట్టి ఒకరి మాట ఒకరికి వినబడలేదు. తరవాత ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏం లేదు డాడ్! సౌండ్ సూపర్ అని చెప్తున్నా."

"నేనూ అదేనమ్మా. సౌండ్... బాగుంది."

ఇద్దరూ పళ్ళు కనపడేలా నవ్వారు. నాకు దిక్కుతోచలేదు. ఆపితే గ్రాండ్మా నాన్సీ నన్ను చంపుతుంది. ఆపకపోతే ఈ కుటుంబం కూలుతుంది. అప్పుడు భాస్కరన్న మాట గుర్తొచ్చింది. మొహాలు వదిలేసి కిందకి చూశాను.

ప్రభుదాస్ గారి నల్లబూటు ముందుభాగం లేస్తోంది, పడుతోంది. దానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేనట్టు. షారోన్ హీల్స్ సరేసరి. అలా నేలమీద చూపు జార్చుకుంటూ ముందు వరస దాకా వెళ్ళాను. పట్టుచీర అంచు కింద తెల్లటి కాన్వాస్ బూట్లు! ఒకటి తాళం, ఇంకోటి ఎదురుతాళం! పైన మొహం చూస్తే చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకుంటున్నంత నిబ్బరం.

ఆవిడ వేలు వంచి నన్ను పిలిచారు.

వాకర్

"ఏం బాబూ, ఇంత చిన్నగా పెట్టావ్? చెవుడు నాకు కదా, నీకెందుకు భయం?"

"అది... కీర్తనలు కదా మామ్మగారూ, మెల్లగా..."

ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూశారు. నర్సులు జ్వరం ఉందని అబద్ధమాడే రోగిని చూసినట్టు.

"నువ్వు కూడా అదే పాట పాడుతున్నావా? ఇలా రా, వంగు. ఈ స్టెప్పులు నాకు నేర్పిందే ఇంగ్రిడ్ దొరసానమ్మ. స్వీడన్ నర్సు. దుప్పట్లు మడిచే గదిలో. తలుపేసుకుని."

నేను కుర్చీ వెతుక్కున్నాను. దొరకలేదు. నేలమీద కూర్చున్నాను.

"మరి పాస్టరుగారితో..."

"స్వీడన్ వాళ్ళండీ అన్నాను. నలుగురు పాడతారండీ అన్నాను. రెండూ నిజమే కదా? మిగతాది ఆయన అనుకున్నారు. మొగుడు అనుకునేదానికి అడ్డు చెప్పకూడదని మాకు చిన్నప్పుడే నేర్పారు." ఆవిడ ఊపిరి తీసుకున్నారు. "బాబూ, పగలంతా వార్డులో మూలుగులు. ఇంటికొస్తే ప్రసంగాలు. వారానికి ఒక్క గంట నా కాళ్ళు నావిగా ఉండాలనిపించింది. తప్పా?"

"కాదు మామ్మగారూ."

"ప్రభుదాసుకి మాత్రం చెప్పకు. తట్టుకోలేడు వాడు. వాళ్ళ నాన్నంటే ప్రాణం."

మూడోది. నా నోట్లో ఇంక చోటు లేదు. ఆ ఇంట్లో మోసపోయినవాడు ఒక్కడు కూడా మిగల్లేదు, అయినా ముగ్గురూ ఆ మోసపోయినవాణ్ణి కంటికి రెప్పలా కాపాడుకుంటున్నారు. ఎవరండీ వాడు? నాకు అంతుపట్టలేదు.

"పాపం, షారోన్ వాళ్ళ నాన్నతో రెండడుగులు వెయ్యాలని..." అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు, కావాలంటే ఆవిడనే అడగండి.

ఆవిడకి అది చాలు. "సౌండ్ పెంచు," అన్నారు. "నన్ను మధ్యలో నిలబెట్టు. నేనున్నచోటికి వాడు రాక చస్తాడా?"

వాకర్‌తో ఆవిడ బయల్దేరారు. ఓడ రేవులోకి వస్తున్నట్టు అమెరికన్లు రెండుగా చీలి దారిచ్చారు. సరిగ్గా మధ్యలో ఆగి, కావాలని ఒకవైపు ఒరిగారు. నేను సౌండ్ విస్కాన్సిన్ దాకా పెంచాను.

"అమ్మా! పడిపోతావ్!" ప్రభుదాస్ గారు ఒక్క అంగలో వచ్చి వాకర్ పట్టుకున్నారు. "నాయనమ్మా!" షారోన్ ఇంకోవైపు పట్టుకుంది. మధ్యలో సుగుణమ్మ గారు. వాకర్ కుడికి కదిలింది. ముగ్గురూ కుడికి. ఎడమకి కదిలింది. ముగ్గురూ ఎడమకి. గ్రాండ్మా నాన్సీ చప్పట్లు. వాకర్ నాలుగు కాళ్ళు, మనుషులవి ఆరు, పది కాళ్ళూ తాళం తప్పలేదు. మొహాలు మాత్రం మూడూ, నెత్తిన కొబ్బరినూనె గిన్నె పెట్టుకుని నడుస్తున్నంత గంభీరంగా.

పాట మధ్యలో సంఘం వాళ్ళలో ఒకాయన దగ్గరికొచ్చి, "ఏంటి బ్రదర్, డాన్సా?" అన్నాడు.

"అమ్మ పడిపోతోందండీ," అన్నారు ప్రభుదాస్ గారు, తాళం ఆపకుండా.

కాసెట్ రెండో వైపు

ఇంతలో టక్‌మని చప్పుడు. మొదటి వైపు అయిపోయింది. హాలంతా హఠాత్తుగా నిశ్శబ్దం. నేను సుగుణమ్మ గారికి కుర్చీ వెయ్యడానికి మధ్యలోకి వచ్చి ఉన్నాను, నా బల్ల హాలుకి అటు చివర ఉంది.

నేను కదిలేలోపు ప్రభుదాస్ గారు వాకర్ వదిలేసి బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తారు. మూత తెరిచారు. కాసెట్ తీశారు, తిప్పారు, నెమ్మదిగా లోపల పెట్టి, కళ్ళు మూసుకుని ప్లే నొక్కారు. ఎవరూ చెప్పలేదు ఆయనకి.

మెల్లటి పాట మొదలైంది. ఆయన వెనక్కి తిరిగేసరికి మధ్యలో అమ్మ లేదు. కుర్చీలో కూర్చుని, వాకర్ పక్కకి జరుపుకుని, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు సుగుణమ్మ గారు. మధ్యలో షారోన్ ఒక్కతే ఉంది, చెయ్యి చాపి.

పట్టుకోవడానికి ఇంక వాకర్ లేదు. పడిపోతున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆయన సంఘం వైపు చూశారు. అమ్మ వైపు చూశారు. ఆవిడ ప్రార్థనలోంచి కదల్లేదు. అప్పుడు తన బూట్ల వైపు చూసుకున్నారు, అవి ఏం చెప్తాయో అన్నట్టు.

వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకున్నారు.

ఫ్రిజ్‌ని మేడమీదకి ఎక్కిస్తున్నవాడిలా డాన్స్ చేశారండీ. ఆ పిల్ల కాలు రెండుసార్లు తొక్కారు. ఆ పిల్ల నాన్న భుజం మీద తలపెట్టి, "ఇట్స్ ఓకే నాన్నా," అంది. రెండడుగులు అడిగింది, పాట మొత్తం దొరికింది.

నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను. సుగుణమ్మ గారు ఒక కన్ను తెరిచారు.

"అచ్చం వాళ్ళ నాన్నే," అన్నారు.

"డాన్స్‌లోనా మామ్మగారూ?"

"ఛ, ఆయన డాన్స్ ఏంటి? చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టే వినేవారు. టేపు రికార్డరు ముట్టుకునేవారు కాదు, లోకసంబంధమని." ఆవిడ కన్ను మళ్ళీ మూసుకున్నారు. కాన్వాస్ బూటు కదులుతోంది. "కానీ మొదటి వైపు అయిపోయి టక్‌మనగానే, తిప్పడానికి నాకంటే ముందు లేచేవారు."